చెంబెడు నీళ్లు

మా సింహాద్రిపురం చుట్టుపక్కల పల్లెల్లో ఒక మాట ఉంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు ముదిరి, పులివెందుల డాక్టరు చూడటం అయ్యి, ప్రొద్దుటూరు డాక్టరు చూడటం అయ్యి, కడపలో నాలుగు పరీక్షలు చేయించడం కూడా అయ్యాక, గడప మీద కూర్చున్న ముసలమ్మ ఒకావిడ తేల్చేస్తుంది: "ఇంక రాయవేలూరికి పిల్చకపోండి నాయనా" అని. తమిళనాడులోని వేలూరును మావాళ్లు రాయవేలూరనే అంటారు. మావాళ్లకు అది ఊరి పేరు కాదు, ఆసుపత్రి పేరు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు పోయొచ్చే ఉంటారు. పోయొచ్చినవాళ్లు ఏం చెబుతారో ఎప్పుడైనా గమనించారా? ఆపరేషన్ సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. ఖర్చు సంగతి ఒక నిట్టూర్పుతో సరి. ఆ తర్వాత మొదలవుతుంది అసలు కథ, పక్క మంచం ఆవిడది. ఆమెది యా ఊరో, ఎంతమంది పిల్లలో, ఆమె కోడలు వీళ్లకు ఫ్లాస్కులో కాఫీ ఎట్లా తెచ్చి పెట్టిందో... గంటసేపు చెబుతారు. డాక్టరు పేరు మాత్రం గుర్తుండదు!

ఈ వారం మన ముచ్చట ఆ పక్క మంచం మనుషుల గురించే. కాకపోతే కొంచెం వెనక నుంచి రావాలి. ఓపిక పట్టండి, పొయ్యి మీద పప్పు ఉంటే మంట తగ్గించి రండి.

వేలూరు ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ అమెరికా మిషనరీల ఇంటి ఆడపిల్ల. 1870లో రాణీపేటలో పుట్టింది. నాన్న మిషనరీ డాక్టరు. ఆ పిల్లకు మాత్రం ఈ ఎండలూ ఈ కరువులూ వద్దు, అమెరికాలో హాయిగా ఉండాలని ఉండేది. తల్లికి బాగాలేదని 1890లో ఇక్కడికి వచ్చింది. ఒక రాత్రి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మగవాళ్లు ఆ ఇంటి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ పురిటి నొప్పులతో ఉన్నారు. ఒకాయన బ్రాహ్మణుడు, ఒకాయన ముస్లిం, మూడో ఆయన మరో పెద్ద కులం హిందువు. మీరు రండమ్మా అని ముగ్గురూ ఐడానే అడిగారు. నాకు వైద్యం తెలియదు, మా నాన్న వస్తారు అంటే, మగ డాక్టరు మా ఆడవాళ్లను చూడటానికి వీల్లేదు అని ముగ్గురూ వెళ్లిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆ పిల్ల అమెరికా పోయి డాక్టరు చదివి, 1899లో పట్టా తీసుకుని, మరుసటి సంవత్సరం వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902కి 40 మంచాల ఆసుపత్రి అయింది. 1909లో నర్సుల శిక్షణ, 1918లో ఆడవాళ్లకే మెడికల్ స్కూలు. మొదటి బ్యాచ్ అమ్మాయిలు 14 మంది 1922లో పరీక్షకు పోతే పద్నాలుగు మందీ పాసయ్యారు.

ఈ కథ ఎవరు చెప్పినా ఆ ముగ్గురు మగవాళ్లను నాలుగు తిట్టి ముగిస్తారు. నాకు ఇంకొకటి తోస్తుంది. ఆ మూడు ఇళ్లలోనూ ఆ రాత్రి ఆడవాళ్లు ఉండే ఉంటారు కదా! అత్త, వదిన, పక్కింటామె, మంత్రసాని. నీళ్లు కాచి ఉంటారు, నడుము పట్టి ఉంటారు, మొహం తుడిచి ఉంటారు. వాళ్ల దయకేం తక్కువ లేదు. చేతిలో విద్య లేదు, అంతే. దయ ఒక్కటే ఉంటే చాలదని ఐడా అమ్మకు ఆ రాత్రే తెలిసింది. మరి విద్య ఒక్కటే ఉంటే చాలుతుందా? అది తెలుసుకోవాలంటే గుంటూరు పోవాలి.

దానికి ముందు మా జమ్మలమడుగు ఒక మాట. లండన్ మిషన్ వాళ్లు కడపకు 1822లోనే వచ్చారు. జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి అని ఇప్పటికీ పిలుచుకునేది ఆ మిషన్ డాక్టరు పేరు మీద ఉన్నదే. మా జేజమ్మల కాలంలో కాన్పు కష్టమైతే ఎద్దులబండి కట్టుకుని ఆ దారి పట్టేవాళ్లు. చలిదేశం నుంచి వచ్చినవాళ్లు, మే నెలలో పెన్న ఎండిపోయి ఇసుక కాలుతుంటే, నాపరాళ్ల మిద్దెల నుంచి సెగ కొడుతుంటే ఎట్లా బతికారా అనిపిస్తుంది. ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో ముంచి కడవ నింపుకునే ఊళ్లు మావి. అక్కడ కొత్తగా వచ్చిన మనిషికి మొదట కావలసింది మతమూ కాదు, మందూ కాదు. చెంబెడు నీళ్లు. ఆ నీళ్లు ఎవరు ముంచి ఇచ్చారో పుస్తకాల్లో రాయరు. ఇచ్చినవాళ్లు మనలాంటి ఆడవాళ్లే అయ్యుంటారని నా నమ్మకం.

సరే, గుంటూరు.

అన్నా సారా కుగ్లర్ అనే ఆవిడ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. 1879లోనే డాక్టరు పట్టా తీసుకున్నారు. మన దగ్గర ఆడపిల్ల ఓనమాలు దిద్దితే గొప్ప అనుకునే రోజులవి! ఆమె వైద్యం చేయడానికి గుంటూరు పోతానంటే, పంపేవాళ్లు ముందు ఒప్పుకోలేదు. ఇళ్లలో ఆడవాళ్లకు చదువు చెప్పే టీచరుగా పొమ్మన్నారు. ఆమె ఆ పేరు మీదే 1883లో వచ్చారు. వచ్చాక మందుల పెట్టె తెరవకుండా ఎట్లా ఉంటారు? చుట్టూ అంత అవసరం కనబడుతుంటే! 1885లో గాని ఆమెను వైద్య మిషనరీగా ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆమె చేతిలో విద్య ఉంది, మందు ఉంది. కానీ ఆ చెయ్యి అంటుకోకూడని చెయ్యి. ఆమె తెల్లది, పరదేశి, ఏం తింటుందో తెలియదు. ఆ కాలంలో పెద్ద కులాల ఇళ్లకు దొరసాని వచ్చి నాడి పట్టి పోయిందంటే, తర్వాత తలస్నానం, వాకిలి కడగడం మామూలే. నీళ్లలో కలిపిన మందు ఆమె చేతి నుంచి తీసుకోవడమంటే ఇంకా కష్టం. అంటరానితనం గురించి మనం పుస్తకాల్లో చదువుకున్నాం. ఏడు సముద్రాలు దాటి వచ్చిన డాక్టరమ్మ దాన్ని మన వసారాల్లో నిలబడి చూసింది, తన ఒంటి మీదే. రోజూ ఊరి బయట అదే బతుకు బతికేవాళ్ల ఇళ్లకూ ఆమె పోతుండేది కాబట్టి, ఆమెకు రెండు వైపులా తెలిసి ఉంటుంది.

అయినా తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తెరిచింది ఎవరు? మగవాళ్లు కాదని నేను గట్టిగా చెప్పగలను. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లికి మడి గుర్తుంటుందా అమ్మా? ఒక తల్లి తెరిస్తే ఆ బావి దగ్గర ఇంకో తల్లికి తెలుస్తుంది. మన వీధుల్లో వార్త ఎట్లా పోతుందో మీకు నేను చెప్పాలా? 1898లో గుంటూరులో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. ఇప్పటికీ గుంటూరు వాళ్లు కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన ముక్క ఒకటి ఉంది. ఏలూరు జమీందారు రాజా భుజంగరావు గారి భార్యకు కుగ్లర్ అమ్మ వైద్యం చేశారు. ఆ కృతజ్ఞతతో ఆయన ఆసుపత్రి దగ్గరే ఒక సత్రం కట్టించారు, వైద్యానికి వచ్చే హిందువుల బంధువులు ఉండటానికి. చూడటానికి చిన్న సంగతి. కానీ వంటిల్లు నడిపేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. మంచం మీద ఒకరుంటే చుట్టూ నలుగురుంటారు. వాళ్లెక్కడ తినాలి? బయట తినరు, ఆసుపత్రి కూడు ముట్టరు. తినకపోతే ఉండలేరు, వాళ్లుండకపోతే రోగి ఉండదు, సగం వైద్యంలో లేచి బండెక్కేస్తుంది. అంటే ఆ మందు పని చేయాలంటే, పక్కనే ఒక పొయ్యి వెలగాలి. పొయ్యి సంగతి రాజావారికి ఎవరు చెప్పారో గానీ, ఇంట్లో ఆడవాళ్లే చెప్పి ఉంటారని పందెం కాస్తాను.

ఈ సత్రం కులాన్ని కాపాడటానికి కట్టిందే కదా, ఇందులో దయేముంది అని మా చిన్నమ్మాయి అడిగింది. కాలేజీ పిల్లలు అట్లాగే అడుగుతారు, అడగాలి కూడా. నా మటుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. ఒకరి పొయ్యి దగ్గరికి ఒకరు పోకుండా వండుకున్నవాళ్లే, రాత్రి రెండింటప్పుడు ఒకరి బిడ్డ ఏడిస్తే ఇంకొకరు లేచి ఎత్తుకుని ఉంటారు. సత్రంలో ఉన్నవాళ్లెవరికైనా తెలిసిన సంగతే ఇది.

కుగ్లర్ అమ్మ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. దాదాపు నలభై ఏడేళ్లు. మనలో ఎంతమంది ఒకే ఊళ్లో అన్నేళ్లు ఉన్నాం?

ఇక తిరుగుబండి ఎక్కుదాం. తెల్లవాళ్లు ఇక్కడికి రావడమే మనకు తెలుసు. మన తెలుగువాళ్లు ఇక్కడి నుంచి మిషనరీలుగా పోయారని మీకు తెలుసా? 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాల వాళ్లు తమ సొంత ఖర్చుతో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపారు. ఒంటరిగా కాదు, భార్య కనకమ్మ గారితో, పిల్లలతో. పుస్తకాలన్నీ రంగయ్య గారి గురించి చెబుతాయి. నాకేమో ఓడ మెట్లెక్కుతున్న కనకమ్మ గారే కళ్ల ముందు కనబడతారు. చింతపండు ఎంత కట్టుకుని ఉంటారు? ఊరగాయ జాడీ ఎక్కడ పెట్టుకుని ఉంటారు? మూడు నెలల తర్వాత మిరప్పొడి అయిపోతే ఎవరిని అడిగి ఉంటారు?

అడగడానికి అక్కడ మనుషులున్నారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ నేటాలు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షా యాభై రెండు వేల మందికి పైగా కూలీలు ఒప్పందం మీద అక్కడికి పోయారు. ఎక్కువమంది మద్రాసు రాష్ట్రం వాళ్లు. తమిళులతో పాటు విశాఖ, చిత్తూరు వైపు తెలుగువాళ్లు కూడా. అయిదేళ్లు చేస్తామని వేలిముద్ర వేయాలి. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు. చెరకు తోటలు, తేయాకు తోటలు, బొగ్గు గనులు. కీర్స్‌నీ అనే చోట తేయాకు తోటలో పని చేసే తెలుగువాళ్ల మధ్యనే రంగయ్య గారు 1903 డిసెంబరులో మొదటి సంఘం పెట్టారు. ఆయన 1915లో అక్కడే పోయారు.

ఆ కూలీల బతుకు ఎంత ఇరుకో తెలిస్తే, వాళ్లు ఒకరికొకరు పెట్టుకున్న పిడికెడు అన్నం ఎంత బరువో తెలుస్తుంది. ఒప్పందం అయిపోయాక అక్కడే ఉంటామంటే మనిషికి ఏడాదికి 3 పౌండ్ల పన్ను. 1895లో చేసిన చట్టం అది. మగవాళ్లకే కాదు, ఆడవాళ్లకూ, ఈడొచ్చిన పిల్లలకూ. అది చాలదన్నట్టు 1913లో ఒక కోర్టు తీర్పు వచ్చింది. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్లి పెళ్లే కాదట! మన హిందూ, ముస్లిం ఇల్లాళ్లు ఒక్క సంతకంతో ఉంచుకున్నవాళ్లు అయిపోయారు. మీకెట్లా ఉంటుంది చెప్పండి? వాళ్లకూ అట్లాగే ఉంది. అప్పటిదాకా గుమ్మం దాటని ఆడవాళ్లు చంకలో పసిబిడ్డలతో సహా గాంధీ గారి వెంట సత్యాగ్రహానికి కదిలారు. న్యూకాజిల్ అనే ఊళ్లో బొగ్గు గనుల కూలీలను పని మానమని అడిగింది మొదట ఈ ఆడవాళ్లే.

ఆ న్యూకాజిల్‌లోనే ఒక ఇల్లు ఉంది. లాజరస్ అనే తమిళ క్రైస్తవుడిది. మధ్యతరగతి మనిషి. కొంచెం స్థలం, రెండు మూడు గదుల ఇల్లు. గాంధీ గారు అక్కడే దిగారు. గనుల నుంచి పని మానేసి వచ్చిన కూలీలకు యజమానులు ఇళ్లలో దీపాలు, నీళ్లు ఆపేశారు. వాళ్లు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, పెళ్లాం బిడ్డలతో ఈ ఇంటి ముందుకు వచ్చి పడ్డారు. పదిమంది కాదు, వందలు. వాకిలి నిండా తలకాయలే! ఆ ఇంట్లో పొయ్యి పగలూ రాత్రీ ఆరలేదని, లాజరస్ గారి భార్య పొద్దస్తమానం వెట్టిచాకిరి లాగా వండుతూనే ఉన్నా ఆ దంపతుల మొహాల్లో నవ్వు మాయం కాలేదని గాంధీ గారు తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ పుస్తకంలో రాసుకున్నారు.

ఇక్కడ నేను ఒక లెక్క వేసుకుంటాను. ఆ తీర్పు లాజరస్ గారి పెళ్లిని అంటలేదు. వాళ్లది క్రైస్తవ పెళ్లి. ఆమె తలుపు వేసుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఎవరి పెళ్లిళ్లు చెల్లవన్నారో వాళ్ల కోసం, తన పెళ్లి చెల్లిన ఇల్లాలు గంజి కాచింది. మతం మీద నాలుగు ఉపన్యాసాలు వినే బదులు ఆ పొయ్యి దగ్గర ఒక పూట కూర్చుంటే బాగుండేదని నాకనిపిస్తుంది. తర్వాత ఆ కూలీలు నడక మొదలుపెట్టారు. మనిషికి రోజుకు ముప్పావు సేరు దాకా రొట్టె, ఒక్క చిటికెడు చక్కెర, అంతే తిండి. దారిలో ఎక్కడెక్కడి భారతీయులో సామాన్లు పంపారు. 1914లో ఆ 3 పౌండ్ల పన్ను పోయింది, మన పెళ్లిళ్లు పెళ్లిళ్లయ్యాయి.

పిడికెడు అన్నం అన్నాను కదా, అది మాటవరసకు కాదు. వండే ముందు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసే అలవాటు మన చర్చీలకు పోయే ఆడవాళ్లలో ఉంది. వారం చివర ఆ బియ్యం సంఘానికి పోతాయి. ఈశాన్యంలో మిజోరం ఆడవాళ్లు 1910 నుంచి ఇట్లాగే చేస్తూ, ఆ పిడికెడు బియ్యం డబ్బుతోనే మిషనరీలను పంపుతున్నారు. మన పెద్దవాళ్లు తిరుపతి ముడుపు కట్టేవాళ్లు, జోలె పట్టుకుని వచ్చిన సాధువుకు చేటలో తీసి పెట్టేవాళ్లు. కొలత ఒకటే, పిడికిలి. మా జేజి అనేది, "పిడికెడు తీస్తే కుండ చిక్కదు అమ్మీ" అని.

ఇప్పుడు మళ్లీ రాయవేలూరికి రండి.

2011లో మా అత్తకు గర్భసంచి ఆపరేషన్ కోసం మేమూ పోయాం. ఆసుపత్రి చుట్టూ ఉన్న సందుల్లో లాడ్జీలు మీకు తెలిసే ఉంటాయి. గదులు అగ్గిపెట్టెలంత ఉంటాయి. గిన్నెలు, స్టవ్వు అద్దెకిస్తారు. వరండాలో ఎవరి వంట వాళ్లది. ఒక గదిలో తాలింపు ఆవాలది, పక్క గదిలో ఆవనూనెది, ఇంకో గదిలో ఎండుచేపలది! బెంగాల్, జార్ఖండ్, అస్సాం, అందరూ అక్కడే. మా అత్త మడి మనిషి. బయట నీళ్లు తాగదు. ఇంటి నుంచి తన రాగిచెంబు తెచ్చుకుంది. ఆ చెంబు నేను తప్ప ఎవరూ ముట్టకూడదు. పక్క గది బెంగాలీ ఆమె కనబడి నవ్వినా మొహం తిప్పుకునేది. "ఎవురో ఏమో, ఏం తింటారో ఏమో" అనేది.

ఆపరేషన్ అయ్యి వార్డు నుంచి గదికి తెచ్చిన రోజు. రాత్రి తొమ్మిది దాటింది. ఆమెకు పలచగా గంజి పట్టాలి, మాత్రలు వేసుకోవాలి. స్టవ్వు వెలిగిస్తే బుస్సుమని ఆరిపోయింది. గ్యాస్ అయిపోయింది. మా ఆయన కిందికి పరిగెత్తారు, కొట్టు మూసేశారు. నేను ఖాళీ గిన్నె పట్టుకుని వరండాలో నిలబడ్డాను. పక్క గది ఆమె చూసింది. ఆమెకు తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. గిన్నె వంక చూసింది, గదిలో మంచం వంక చూసింది, లోపలికి పోయింది. పావుగంటలో మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు వేసి పలచగా చేసి, స్టీలు గిన్నెలో తెచ్చింది. దాంతో పాటు ఒక గ్లాసు కాచిన నీళ్లు.

నేను అత్త వంక చూశాను. ఏమంటుందో అని గుండె దడదడలాడింది. ఆయమ్మ నన్ను పక్కకు జరగమని, తనే మంచం అంచున కూర్చుని స్పూనుతో పట్టింది. మా అత్త తాగింది. సగం అయ్యాక ఆమె ఆగి, రెండు వేళ్లు నాలుక దగ్గర పెట్టి ఉప్పు సరిపోయిందా అని సైగ చేసింది. మా అత్త నా వైపు తిరిగి, "ఇంకొంచెం ఉంటే పెట్టమను" అంది.

వాళ్ల ఆయనకు గుండె జబ్బని, రెండో సారి వచ్చారని తర్వాత తెలిసింది. మేము బయల్దేరే రోజు నేను ఆమెకు చెనక్కాయల పొడి ఒక డబ్బా ఇచ్చాను. ఆమె మా అత్త కాళ్లకు దండం పెట్టి ఏదో అంది. అర్థం కాలేదు, అయినా ముగ్గురం ఏడ్చాం.

మారిపోయిందా మా అత్త అంటే, సినిమాల్లో లాగా ఏం మారలేదు. మా ఇంట్లో పనిచేసే ఆమెకు వేరే గ్లాసు ఉండేది, పెరటి గోడ మీద. దాంట్లోనే కాఫీ పోయాలి, ఆమే కడిగి మళ్లీ గోడ మీద బోర్లించాలి. ఈ విషయంలో మా ఇంట్లో ఎన్ని పోట్లాటలు అయ్యాయో రాస్తే పుస్తకం అవుతుంది. వేలూరు నుంచి వచ్చాక ఒకరోజు మా చిన్నమ్మాయి అడగనే అడిగింది, "జేజీ, వేలూరులో నీకు గంజి పట్టిన ఆయమ్మ ఏం కులం?" అని. మా అత్త బదులు చెప్పలేదు. చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది. పది రోజులకో ఎన్నాళ్లకో ఆ గ్లాసు గోడ మీది నుంచి వంటింటి కిటికీలోకి వచ్చింది. ఇంకో ఏడాదికి పనామె వంటింటి గడప లోపల కూర్చుని తాగడం మొదలైంది. గ్లాసు మాత్రం అదే. మా అత్త పోయాక అది మిగతా గ్లాసులతో పాటు బుట్టలో కలిసింది. ఇప్పుడు ఏది ఎవరిదో తెలియదు.

హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి మీరు పేపర్లలో చదివే ఉంటారు. మన రాష్ట్రంలో జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో ఇచ్చిన నివేదికలో కూడా ఆ సంగతి ఉంది. అంటరానితనం పాటిస్తే శిక్ష అని 1955లోనే చట్టం వచ్చింది. హోటలు మీద కేసు పెట్టొచ్చు. మన పెరటి గోడ మీది గ్లాసును పోలీసులు ఎప్పుడు వచ్చి చూస్తారు? అది మన పెత్తనంలో ఉన్న వస్తువు. మీ ఇంట్లో అది ఎక్కడుందో ఉత్తరం రాయండి. పేర్లు వేయను. గోడ మీద ఉందా, కిటికీలో ఉందా, బుట్టలో ఉందా, ఒక్క ముక్క చాలు.

అన్నట్టు, వేలూరు పోయేటప్పుడు ఏం తీసుకుపోవాలని చాలామంది అడుగుతున్నారు. నాకు తెలిసింది చెబుతాను. జొన్నరొట్టెలు పలచగా చేసి బాగా ఎండనిస్తే నాలుగైదు రోజులు ఉంటాయి. చెనక్కాయల పొడి, కారం తక్కువ వేసి కొట్టుకోండి, అక్కడివాళ్లు మన కారం తట్టుకోలేరు. గంజి కోసం కొత్త బియ్యం కాకుండా పాతవి కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, రవ్వగా పట్టించి పెట్టుకోండి. ఒక గరిటె రవ్వకు ఆరు గరిటెల నీళ్లు, ఉప్పు, ఇష్టమైతే చిటికెడు జీలకర్ర పొడి. పది నిమిషాల్లో అవుతుంది. ఆపరేషన్ అయినవాళ్లకు ఏది ఎప్పుడు పట్టాలో మాత్రం నర్సమ్మను అడిగే పట్టండి. రాగిపిండి ఒక కిలో. చీనీకాయల కాలమైతే మన తోటల కాయలు ఒక సంచి, బరువని వదిలేయకండి. అగ్గిపెట్టెలు, ఒక పెద్ద ఫ్లాస్కు, గిన్నె పట్టుకునే గుడ్డ.

రవ్వ మాత్రం మీకు కావలసిన దానికి రెండింతలు పట్టించండి. పక్క గదిలో ఎవరుంటారో ముందే తెలియదు కదా.